గంటకి కట్టిన గుడ్డ

ఇలా దగ్గరికి జరగండమ్మా. ఇంకా దగ్గరికి. గొంతు ఎత్తి చెప్పలేను. మా ఇంట్లో నైట్ షిఫ్ట్ వారం వచ్చిందంటే పొద్దున్న ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఎవరూ గొంతు ఎత్తరు. యాభై ఏళ్ళు దాటిన అలవాటు. మొదట మా ఆయన నిద్ర కోసం, ఇప్పుడు మా అబ్బాయి నిద్ర కోసం. అణిగి అణిగి ఉన్న గొంతు రెండు దాటాక కూడా తొందరగా లేవదు.

కానీ ఆ శుక్రవారం రెండు కొట్టగానే లేచింది. నాది కాదు, మా మనవరాలు వాసవిది. ఈ హిందీ ఊళ్ళో పెరిగిన పిల్ల, తండ్రిని పాపా అంటుంది.

"ఆ కాల్ ఆళ్ళదే పాపా! మంగళవారం, గ్యారా బీస్, పదకొండూ ఇరవై‌కి. అప్పుడు నా ఫోన్ ఎక్కడుంది? బియ్యం డబ్బాలో!"

మా అబ్బాయి సూర్యప్రకాష్ అప్పుడే లేచాడు. ఇంకా ముఖం కడుక్కోలేదు. రాత్రంతా మిల్లులో ఎర్రటి ఇనుము ముందు నిలబడి వచ్చినవాడి కళ్ళు నిద్రపోయి లేచినా ఎర్రగానే ఉంటాయి. లుంగీ సర్దుకుంటూ గుమ్మంలో నిలబడిపోయాడు.

"డబ్బాలో ఎట్టమని నేను సెప్పినానేటి?"

"మీరు చెప్పక్కర్లేదు. పుట్టినప్పట్నుంచీ అదే కదా. పాపా సో రహే హై, పడుకున్నారు. కుక్కర్ పెట్టకు, గంట కొట్టకు, ఫోన్ డబ్బాలో పెట్టు. మీ నిద్ర కోసం నా నౌకరీ పోయింది."

"వాసూ!" అంది మా కోడలు మణిమాల వంటింట్లోంచి. "తండ్రితో అలగ మాటాడతారేటి?"

వాసవి అబద్ధం చెప్పలేదు. సెక్టర్ ఆరులో స్టీలు ప్లాంటు ఇచ్చిన మా క్వార్టర్‌కి గుమ్మం పక్కన ఒక గంట ఉంది. స్టీలు గిన్నె బోర్లించినట్టుంటుంది, మీట నొక్కితే లోపలి సుత్తి వచ్చి దాన్ని కొడుతుంది. మా ఆయన కొత్తలో తనే బిగించాడు. నైట్ షిఫ్ట్ వారం వస్తే ఆ సుత్తికి పాత బనీను ముక్క చుడతాం. తలుపు మీద సుద్దముక్కతో ఇంగ్లీషు అక్షరం రాస్తాం. నైట్ అనే మాటకి మొదటి అక్షరమట అది. నాకు వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. ఆ గీతలు చూస్తే పాలవాడు కూడా చెప్పులు విడిచి వస్తాడు. సెల్‌ఫోన్లు వచ్చాక వాటిని తువ్వాల్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టడం మొదలైంది. బియ్యంలో పెడితే వాటి వణుకు కూడా వినపడదు.

"పోయిందంటన్నావు," అన్నాడు సూర్యం. "వచ్చిందేటి, పోడానికి? ఉన్న నౌకరీకి నమస్తే పెట్టీసి వచ్చినావు. స్కూలోళ్ళు ఇచ్చిన టైం రేపు నాలుగు గంటలు. ఎల్లి సంతకం ఎడతావా, లేపోతే ఈ డబ్బా కాసుకుని కూకుంటావా?"

"ఒకటో తారీఖుకి రాగలవా అని అడిగేరు పాపా. నేనేం కల్లో వినలేదు. తీసుకోని మనిషిని ఎవరైనా అలా అడుగుతారా?"

"అడిగేరు. ఒకటి ఎళ్ళి ఇరవై మూడు వచ్చింది. మాటాడేరా?"

వాసవి గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగింది.

అదమ్మా సంగతి. ఊరవతల హథ్‌ఖోజ్‌లో గేర్లు, అంటే పళ్ళచక్రాలు, చేసే ఒక ఫ్యాక్టరీ. పోయిన నెల ఇరవై రెండున దీన్ని పిలిచి, రెండు గంటలు కూర్చోబెట్టి, వారంలో ఫోన్ చేస్తామన్నారు. ఒకటి నుంచి రాగలవా అన్న ఒక్క మాట పట్టుకుని ఇది స్కూల్లో ల్యాబ్ పని మానేసింది. వారం అయింది, నెల అయింది. వాళ్ళ దగ్గర్నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇది చేస్తే ఫోన్ మోగి మోగి ఆగిపోతుంది. ఈలోపు స్కూలువాళ్ళకి మనిషి దొరకలేదు, మళ్ళీ రమ్మన్నారు. అయితే ఈసారి ఏడాది పాటు కదలనని కాగితం మీద సంతకం పెట్టాలట. పెడితే, తరవాత హథ్‌ఖోజ్ వాళ్ళు పిలిచినా కాళ్ళకి బంధం. పెట్టకపోతే, వాళ్ళు పిలవకపోతే, రెండూ పోయినట్టే.

దానికి తోడు ఈ మంగళవారం ఎవరిదో తెలియని నెంబరు నుంచి ఒక మిస్డ్ కాల్. తిరిగి చేస్తే కలవదు. వాసవి ఆ నెంబరు తెలుగు క్యాలెండర్లో మంగళవారం గడిలో రాసుకుంది. దుర్ముహూర్తం పక్కన.

సూర్యం ముఖం కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినపడింది. ముఖం ఎంతసేపు కడుగుతాడు మనిషి?

రెండు దాటాక కూడా ఇల్లు గుడ్డ చుట్టినట్టే ఉండిపోయింది.

*

సాయంత్రం వెనకవైపు వరండాలో వాసవి పక్కన కూర్చున్నాను. ఎదుట క్వార్టర్లు రెండు ఖాళీ. రిటైరైనవాళ్ళు వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళు రాలేదు. కిటికీల్లోంచి పిచ్చి తీగ బయటికి చూస్తోంది. ఒకప్పుడు ఈ వేళకి లైను పొడుగునా సైకిళ్ళ గంటలే గంటలు.

ఫోన్ దాని అరచేతిలో ఉంది. కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. ఒకసారి మోగింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. రీఛార్జి చేసుకోమని మిషను మాట్లాడింది. వాసవి దాన్ని పూర్తిగా విని పెట్టేసింది. ఎవరో ఒకరు మాట్లాడుతున్నారు కదా అన్నట్టు.

"మామ్మా, నేను చెప్పులు గుమ్మం బయట విడిచేను."

"ఎక్కడే?"

"ఇంటర్వ్యూలో. సార్ కేబిన్ బయట. ఆదత్ కదా, ఇంట్లో అలవాటు. లోపల అందరూ బూట్లతో ఉన్నారు. నా కాళ్ళు చూసి ఒకాయన నవ్వేడు. దానికే అంటావా?"

"చెప్పులు విడిస్తే పని ఇవ్వరేటే?"

"ఏమో. గ్లాసులో నీళ్ళు ఇచ్చేరు, మొత్తం తాగీసేను. సగం వదలాలట. నెట్లో ఉంది." ఫోన్ అటూ ఇటూ తిప్పింది. "గేర్ చేతికిచ్చి కొలవమన్నారు. ఒక పన్ను తక్కువుందని చెప్పేను. సార్ ఒప్పుకోలేదు. మళ్ళీ కొలిచి, 'సహీ బోల్ రహీ హై', సరిగ్గానే చెప్తోంది అన్నాడు. ఆయన తప్పు చూపించేనని కోపం వచ్చిందేమో."

ముప్ఫై రోజులుగా అదే పని దానికి. ఆ రెండు గంటల్ని విప్పి, మళ్ళీ చుట్టి, మళ్ళీ విప్పి, తన తప్పు ఎక్కడుందో వెతుక్కుంటోంది. వాళ్ళు ఒక్క మాట చెప్పి ఉంటే ఒక్క తప్పుతో పోయేది. చెప్పలేదు గనక అన్నీ తప్పులే అయ్యాయి.

"మీ తాతకి ఏటయిందో తెలుసా?" అన్నాను.

"తెలుసు మామ్మా. సౌ బార్ సునా."

"నూటొకటోసారి ఇను."

మా ఆయన అప్పలసూరి చీపురుపల్లిలో రైలెక్కి దుర్గ్‌లో దిగినప్పుడు చేతిలో ఒక సంచీ, జేబులో మేనమామ రాసిచ్చిన చిరునామా. ప్లాంటు గేటు దగ్గర వందమంది. ఒక గుమాస్తా స్టూలెక్కి పేర్లు చదివేవాడు. తీసుకున్నవాళ్ళ పేర్లు చదివి దిగిపోయేవాడు కాదు. తీసుకోనివాళ్ళవీ చదివేవాడు, ఒక్కొక్కటీ. "అప్పలసూరి. నహీ హువా. ఘర్ జావ్." కాలేదు, ఇంటికి పో అని.

ఈయన ఆ మాట మోసుకుని గదికి వచ్చి, గంజి తాగి, ముసుగుపెట్టి పడుకునేవాడట. పొద్దున్నకి ఆకలేసి లేచేవాడట. అలా మూడుసార్లు. నాలుగోసారి "హో గయా", అయిందన్నారు.

"నిజం చెప్పాలంటే ఆ గుమాస్తా కఠినుడే," అన్నాను. "కానీ స్టూలెక్కేడు కదే. పేరు పెట్టి పిలిచేడు కదా."

వాసవి నా భుజానికి తల ఆనించింది. ఫోన్ వెలుగు దాని గడ్డం మీద పడి ఆరిపోయింది.

"మామ్మా, పాపా నాతో మాట్లాడరా ఇంక?"

నేను దాని జుట్టు చెవి వెనక్కి దోపాను.

*

శనివారం పొద్దున్న సూర్యం డ్యూటీ దిగి వచ్చి, కూతురి ముఖం చూడకుండా రెండు ఇడ్లీలు తిని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. మణిమాల గంటకి గుడ్డ సరిగ్గా ఉందో లేదో చూసి వచ్చింది. వాసవి ఫోన్ డబ్బాలో పెట్టలేదు. వంటింట్లో పీట వేసుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తెర వంక చూస్తూ కూర్చుంది. మోగకపోయినా వెలుగుతుంది కదా అని.

నేను క్యాలెండర్లో ఆ నెల కాగితం చింపాను. మడిచి రొంటిన దోపుకున్నాను.

ఆ ఫ్యాక్టరీకి నేనే వెళ్ళి అడగాలనుకున్నాను, ముందు మా ఆయనకి చెప్పి వెళ్ళాలి. అదే కష్టం. మిల్లు మోతకి ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. అరిస్తేగాని వినపడదు, ఇంట్లో అరవకూడదు. మా ఇంట్లో నైట్ షిఫ్ట్ వారం మొగుడూ పెళ్ళాల ముచ్చట్లన్నీ చేతులతోనే. ఫోన్ చూపించాను, వాసవి వైపు చూపించాను, పళ్ళచక్రం గాల్లో తిప్పాను, నడుస్తున్నట్టు రెండు వేళ్ళు ఆడించాను.

ఆయన చాలాసేపు చూశాడు. ఆయనకి అర్థమైంది. లేచి పెట్టె తెరిచి, తన మెడికల్ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. రిటైరైనవాళ్ళకి ఆసుపత్రి కోసం ప్లాంటు ఇచ్చేది. గేటు దగ్గర చూపించమని సైగ. ఆయన లెక్కలో ఈ భూమ్మీద ఏ గేటైనా ఆ కార్డుకి తెరుచుకోవాలి.

పవర్‌హౌస్ సెంటరు దాకా ఒక ఆటో, అక్కడి నుంచి ఇంకో ఆటో. హథ్‌ఖోజ్ నేను ఎప్పుడూ చూడలేదు. యాభై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉండి, మా సెక్టర్లు, మా మార్కెట్టు, మా గుడి తప్ప ఏం చూశాను? దుమ్ము, లారీలు, రేకుల షెడ్లు, ఇనుము కోసే కీచు చప్పుడు. ఇంత చప్పుడు చేసేవాళ్ళకి ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా అనిపించింది.

గేటు దగ్గర వాచ్‌మన్ కుర్రవాడేం కాదు, నలభై దాటినవాడు. చొక్కా మీద జితేంద్ర అని పేరు కుట్టి ఉందట, తరవాత తనే చెప్పాడు.

"కా హోగే దాయీ?" అన్నాడు. ఏమైందమ్మా అని, ఈ ప్రాంతం భాషలో.

నా హిందీ కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నది. ఆ హిందీలోనే చెప్పాను. మా మనవరాలు వచ్చింది, కొలిచింది, పన్ను తక్కువుందని చెప్పింది, ఫోన్ చేస్తామన్నారు, చెయ్యలేదు. చెప్పి కార్డు చూపించాను.

అతను దాన్ని రెండు చేతులా పుచ్చుకుని చూశాడు. నవ్వలేదు. "ఈ గేటుకి ఇది పనిచెయ్యదు దాయీ," అని కార్డు తిరిగిచ్చి, తన కుర్చీ నాకు వేశాడు. తను నిలబడ్డాడు.

"ఆ కొలతల పనే కదా? అందులో మనిషి వచ్చేశాడు. రెండో తారీఖు నుంచి వస్తున్నాడు. పొద్దున్న నేనే కదా గేటు తీస్తాను."

రెండో తారీఖు. ఈ రోజు ఇరవై నాలుగు.

ఇరవై రెండు రోజులుగా ఆ కుర్చీలో ఎవరో కూర్చుని ఉండగా, మా పిల్ల ఫోన్ ఒళ్ళో పెట్టుకుని ఆ కుర్చీ కోసం అన్నం మానేసింది. మా ఇంట్లో తండ్రీ కూతురూ ముఖాలు తిప్పుకున్నారు. దేనికోసం తిప్పుకున్నారమ్మా?

పదకొండింటికి టీ కోసం బయటికి వచ్చిన ఒక అమ్మాయిని జితేంద్ర చూపించాడు. "ఫోన్లు చేసే దీదీ ఆవిడే. మీ భాషే."

రజనీకుమారి ఆ పిల్ల పేరు. సెక్టర్ ఏడులో పుట్టి పెరిగిందట. నన్ను చూసి, తెలుగు విని, కప్పు పక్కన పెట్టింది. పేరు చెప్పగానే గుర్తుపట్టింది.

"వాసవి... చెప్పులు బయట విడిచి వచ్చిన అమ్మాయి కదా?"

"అందుకేనేటమ్మా ఇవ్వలేదు?"

"అయ్యో, కాదు. అందరం ముచ్చట పడ్డాం. ఆమె పేరు ఆఖర్లో ముగ్గురిలో ఉంది అమ్మమ్మా. సార్‌కి నచ్చింది. ఇంకొకరికి రెండేళ్ళ అనుభవం ఉంది, ఆయన్ని తీసుకున్నారు. అంతే."

"అంతేనా?"

"అంతే."

"మరి ఈ అంతే అన్న మాట దానికి చెప్పడానికేటి?"

ఆమె కప్పు వైపు చూసింది. "యాభై ఒక్కమంది వచ్చారు అమ్మమ్మా. తీసుకున్నవాళ్ళకే చెయ్యమంటారు. మిగతావాళ్ళకి చెయ్యమని ఎవరూ చెప్పరు. చేస్తే ఎందుకు అని అడుగుతారు, కొందరు ఏడుస్తారు. ఏం చెప్పను నేను?"

"ఒకటి నుంచి రాగలవా అని అడిగేరట."

"అది అందర్నీ అడుగుతారు. ఫారంలో ఉంటుంది."

ఫారంలో ఉంటుందట. ఆ ఒక్క మాటకి మా పిల్ల చేస్తున్న పని మానేసి వచ్చింది.

కాగితం విప్పి మంగళవారం గడి చూపించాను. ఆమె నెంబరు చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది మాది కాదు. మా నుంచి ఎవరూ చెయ్యలేదు." నేల వంక చూస్తూ అంది: "నేనూ ఇక్కడికి రాకముందు మూడు చోట్ల అలాగే కూర్చున్నాను అమ్మమ్మా. ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్ళకి మనకే తెలుస్తుంది కదా."

"ఎన్నాళ్ళకి తెలిసిందమ్మా నీకు?"

ఆమె కప్పు తీసుకుంది, తాగలేదు. టీ మీద మీగడ కట్టింది. నేను లేచాను. గేటు దాటుతుంటే జితేంద్ర నా కోసం ఒక ఆటో ఆపాడు.

*

ఇంటికి వచ్చేసరికి పన్నెండున్నర. తలుపు మీద సుద్దముక్క అక్షరం. లైనంతా నిశ్శబ్దం.

మామూలుగా అయితే నేను వెనకవైపు నుంచి వెళ్ళాలి, చెప్పులు చేత్తో పట్టుకుని. వంటింట్లో కూర్చున్నదాని చెవిలో ఊదాలి. పనిలేదే తల్లీ అని గుసగుసగా చెప్పాలి. అది గుసగుసగా ఏడవాలి. రెండు దాటాక సూర్యం లేస్తే అతనికి విడిగా చెప్పాలి. ఎవరి తప్పూ లేదన్న మాట కూడా దొంగసొత్తులా చేతులు మారాలి.

నాకు ఆ స్టూలు గుమాస్తా గుర్తొచ్చాడు.

గంట దగ్గరికి వెళ్ళాను. సుత్తికి చుట్టిన బనీను ముక్క నల్లగా, జిడ్డుగా ఉంది. ముడి విప్పడానికి గోళ్ళు సరిపోలేదు, పళ్ళతో లాగాను. మీట మీద వేలు పెట్టి, తియ్యకుండా నొక్కాను.

ఓలమ్మ! ఆ గంట గొంతు ఎంత పెద్దదో నేనే మరిచిపోయాను. ఖాళీ క్వార్టర్లకి తగిలి తిరిగి వచ్చింది. పక్కింటి గౌరీదేవి పరుగెత్తుకొచ్చింది.

"గున్నమ్మత్తా! ఏటయినాది? ఎవలికేటయినాది?"

నైట్ షిఫ్ట్ వారంలో పగలు గంట మోగిందంటే మా లైనులో చావు కబురని లెక్క మరి.

తలుపు తెరుచుకుంది. ముందు సూర్యం, చొక్కా లేకుండా, ఉత్త కాళ్ళతో. వెనక మణిమాల. ఆమె వెనక వాసవి. అందరికంటే వెనక, చేతికర్ర పొడుచుకుంటూ, ఎప్పుడూ ఏదీ వినపడని మా ఆయన. ఆయనకీ వినపడింది!

"అమ్మా, ఏటి? ఏటయింది?"

గుమ్మం మెట్టు మీద నిలబడ్డాను. నాకు స్టూలు అదే.

"వాసవీ," అన్నాను గొంతెత్తి. "నీకు పని రాలేదు. రెండో తారీఖునే ఇంకొకడికి ఇచ్చీసినారు. నేను ఫ్యాక్టరీకెళ్ళి అడిగొచ్చాను. చెప్పుల వల్ల కాదు, నీళ్ళ వల్ల కాదు, నువ్వు తప్పు చూపించినందుక్కాదు. ఆఖరి ముగ్గురిలో ఉన్నావట. సార్‌కి నచ్చినావట. అవతలోడికి రెండేళ్ళ అనుభవం ఉంది, అంతే." ఊపిరి తీసుకున్నాను. "మంగళవారం ఫోన్ ఆళ్ళది కాదు. నీ తండ్రి నిద్ర వల్ల నీకేమీ పోలేదు."

గౌరీదేవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సూర్యం మెల్లగా మెట్టు మీద కూలబడ్డాడు.

"నిద్రా?" అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మంగళవారం కాడ్నుంచీ నాకు నిద్రెక్కడదమ్మా? కళ్ళు మూసుకుని పడుకుంతన్నాను, అంతే. డబ్బాలో ఫోన్ వణికితే వినపడతాదేమోనని."

వాసవి తండ్రి వంక చూసింది. ఒక తలుపుకి ఇవతల అది, అవతల ఆయన. నాలుగు రోజులు ఇద్దరూ అదే ఫోన్ కోసం చెవులు పెట్టుకుని, ఎవరి గదిలో వాళ్ళు మెలకువగా ఉన్నారు.

"పాపా..." అంది.

నేను ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మెడ ఎత్తింది.

"ఆఖరి ముగ్గురిలో ఉన్నానని నీతో చెప్పేరా మామ్మా?"

"చెప్పేరే."

"నువ్వు వెళ్ళి అడిగితే చెప్పేరు."

"ఊఁ."

"ముప్ఫై రోజులు చూసింది నేను. నాతో చెప్పాలి కదా. మేరే మూ పే, నా మొహం మీదే." గూట్లోంచి చెప్పులు తీసి కింద వేసింది. "నేను వెళ్తాను. నా పేరు పెట్టి చెప్పమంటాను. చెప్పేదాకా గేటు దగ్గరే ఉంటాను."

"పిచ్చా నీకు?" అంది మణిమాల. "ఒంటిగంట అవుతన్నాది. నాలుగ్గంటలకి స్కూలు. ఇప్పుడు హథ్‌ఖోజ్ ఎల్లి, ఆళ్ళు కూకోబెడితే? ఇది పోయింది, అదీ పోగొట్టుకుంతావేటి? అత్తా, మీరైనా సెప్పండి."

నేనేం చెప్పను? గంట మోగించినదాన్ని నేనే.

సూర్యం లేచాడు. లోపలికి వెళ్ళాడు. కోపంగా పడుకోవడానికే అనుకున్నాం. చొక్కా తొడుక్కుంటూ, స్కూటర్ తాళం పళ్ళ మధ్య పట్టుకుని వచ్చాడు. రాత్రి పదింటికి మళ్ళీ డ్యూటీ ఉన్న మనిషి.

"ఎక్కు," అన్నాడు కూతురితో. ముందురోజు గొడవ తరవాత సూటిగా ఆడిన మొదటి మాట. "లోపలికి మాత్రం నువ్వే ఎల్లాల. నేను రాను."

"చెప్పులు విప్పను పాపా ఈసారి."

"నీ ఇష్టం."

స్కూటర్ మలుపు తిరిగింది. మా ఆయన నా భుజం తట్టి, ఊరంతా వినేలా అరిచాడు. "నహీ హువా అన్నారా?"

"అన్నారు!" నేనూ అరిచాను. "నా నోటితో అనిపించారు!"

"మంచిదే," అన్నాడు. వెళ్ళి పాత మంచం మీద కూర్చున్నాడు.

రెండున్నర అయింది. మణిమాల గేటు దగ్గరికి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. మూడు దాటింది. ఎండ ఖాళీ క్వార్టర్ల మీదికి వాలింది. వంటింట్లోకి వెళ్ళి చూస్తే బియ్యం డబ్బా మూత మీద వాసవి ఫోన్ ఉంది, బోర్లా పెట్టి. మరిచిపోయిందో, వదిలేసిందో తెలియదు. ముప్ఫై రోజుల్లో మొదటిసారి అది ఆ పిల్ల చేతిలో లేదు. ఎక్కడున్నారని అడుగుదామన్నా, అడగడానికి ఉన్న ఫోన్ ఇక్కడే ఉంది. సూర్యానిది ఇంకా డబ్బాలోపలే, తువ్వాల్లో.

స్కూలుకి నాలుగు గంటలు. గడియారంలో మూడూ నలభై. గంట కింద మెట్టు మీద కూర్చున్నాను, బనీను ముక్క చేతిలో పట్టుకుని. మళ్ళీ కట్టాలా వద్దా అని.

వింటున్నారు కదమ్మా? నాలుగింటికి అందుకున్నారా లేదా అన్నది ఇంకో కథ, ఈ కథ ఇక్కడికే. ఇంటికెళ్ళాక మీ వాళ్ళకి చెప్పండి. నా పేరు మరిచిపోతే ఫరవాలేదు, ఊరి పేరు తప్పు చెప్పినా ఫరవాలేదు. ఒక ముసలిది పట్టపగలు గంటకి కట్టిన గుడ్డ విప్పిందని, లేదన్న మాట చెప్పడానికి విప్పిందని, అదొక్కటి జ్ఞాపకం పెట్టుకుని చెప్పండి.